మోటారు ఆపే డ్యూటీ

ఆదివారం పొద్దున ఏడింటికి బస్సు డిపో షెడ్యూలు గుమాస్తా తన ఇంటి హాల్లో, గోడకు అంటించిన చార్టు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు జరగవలసినవన్నీ మనసులో ఒకసారి నడిపించి చూసుకున్నాడు. ఎనిమిదింటికి నీళ్ల మోటారు వేయడం, ఎనిమిదీ ఇరవైకి ఆపడం, తొమ్మిదింటికి మేనేజరుగారి రాక. ఎక్కడా తేడా కనిపించలేదు. గడ్డం గీసుకుని స్నానం చేస్తే తన వంతు కూడా అయిపోతుంది.

ఆ చార్టు వెనక ఒక భయం ఉంది. పది రోజుల క్రితం ఆయన భార్యకు కడుపులో ఆపరేషన్ జరిగింది. లోపల డాక్టర్లు ఆవిడను చూస్తున్న నాలుగు గంటలూ ఆయన ఆసుపత్రి బల్ల మీద కూర్చుని, తన ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడుంటుందో తనకు తెలియదని గుర్తించాడు. ఆవిడను ఇంటికి పంపిస్తూ డాక్టరు, "రెండు వారాలు మంచం దిగకూడదు. బకెట్టు కాదు కదా, చెంబు కూడా ఎత్తకూడదు. కుట్లు తెగితే మళ్లీ మొదటికొస్తాం" అన్నాడు. ఆ మాట ఆయన గుండెల్లో నాటుకుపోయింది.

పిల్లలు ఆరుగురు. డెబ్భై బస్సులను వేళకు నడిపే మనిషికి ఆరుగురు పిల్లలొక లెక్కా అనుకున్నాడు. డిపో నుంచి పెద్ద కాగితం తెచ్చి, గళ్లు గీసి, ఇంటి పనులన్నిటినీ ఇరవై ఏడు డ్యూటీలుగా విడగొట్టి పంచాడు. కింద ఎర్ర పెన్సిలుతో రెండు నియమాలు రాశాడు. ఇద్దరికీ సమ్మతమైతే డ్యూటీలు మార్చుకోవచ్చు. ఒకరి డ్యూటీలో ఇంకొకరు వేలు పెట్టకూడదు.

"రెండోది ఎందుకు నాన్నా?" అని అడిగాడు పెద్ద కొడుకు. ప్రతిదానికీ వాదిస్తాడని ఇంట్లో అందరూ వాణ్ణి ప్లీడరు అంటారు.

"అందరూ అన్నిట్లో దూరితే ఏ పనీ కాదురా. డిపోలో ఇన్నేళ్లుగా చూస్తున్నాను."

మూడు రోజులు ఇల్లు గడియారంలా నడిచింది. గుమాస్తాకు కాలు నేల మీద నిలవలేదు. డిపోలో ఒకరి తర్వాత ఒకరికి చెప్పుకున్నాడు. చివరికి మేనేజరే పిలిచి, "ఆదివారం వస్తానయ్యా. మీ ఆవిడను పలకరించినట్టూ ఉంటుంది, ఆ చార్టేదో చూసినట్టూ ఉంటుంది. బాగుంటే మన దగ్గర కూడా పెడదాం" అన్నాడు.

ఈ మూడు రోజుల్లో గుమాస్తాకు తెలియనిది ఒక్కటే. పిల్లలు మొదటి నియమాన్ని మనసారా వాడుకుంటున్నారు. ఆదివారం మోటారు వేసే డ్యూటీ ప్లీడరుది, ఆపేది కవలల్లో పెద్దదానిది. అది తన డ్యూటీని తమ్ముడు గుండుకు ఇచ్చి, వాడి పక్కబట్టలు మడతపెట్టే పని తీసుకుంది. గుండుకు సరిగ్గా ఆ వేళకే సైకిలు మీద పాలకు వెళ్లే డ్యూటీ ఉంది. సైకిలు వదులుకోవడం వాడివల్ల కాలేదు. అందుకని మోటారును చిట్టికి అప్పగించాడు. చిట్టికి అయిదేళ్లు. చార్టులో దాని గడిలో అప్పటిదాకా "మాట వినడం" అని మాత్రమే ఉంది. తనకూ ఒక నిజమైన డ్యూటీ వచ్చిందని అది మొహం కడుక్కుని, జడ వేయించుకుని సిద్ధమైంది. ప్లీడరు మార్పులన్నీ చార్టు అంచున పెన్సిలుతో కనీ కనిపించని సన్నటి అక్షరాల్లో రాసిపెట్టాడు. ఎక్కడా నియమం తప్పలేదు.

ఎనిమిదింటికి మోటారు వేశారు. ఎనిమిదీ ఇరవైకి చిట్టి వెళ్లి స్విచ్చు కింద నిలబడి చెయ్యి చాచింది. స్విచ్చు మూరెడు పైన ఉంది. మునివేళ్ల మీద లేచింది. అయినా అందలేదు. ఎవరినైనా పిలుద్దామనుకుంది కానీ, తన డ్యూటీలో వాళ్లు వేలు పెట్టకూడదని గుర్తొచ్చింది. ఇక చేసేదేమీ లేక అక్కడే నిటారుగా నిలబడి మోటారుతో, "ఆగు" అంది. కాసేపాగి కొంచెం గట్టిగా, "ఆగమన్నానా?" అంది.

డాబా మీద ట్యాంకు నిండి పొర్లింది. నీళ్లు పోయే గొట్టానికి ఎండుటాకులు అడ్డుపడి ఉన్నాయి. డాబా ఊడ్చే డ్యూటీ మంగళవారం పడింది. నీళ్లు డాబా అంతా నిండి, మెట్ల దారి పట్టి, గుమాస్తా వాటా గుమ్మాన్ని దాటుకుని కింది వాటాలోకి దిగాయి. అక్కడ వాచీలు బాగుచేసే ముసలాయన ముందుగదిలో చాప పరిచి, తెల్లగుడ్డ మీద చక్రాలూ స్క్రూలూ వరసగా పేర్చుకుని, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. తెల్లగుడ్డ కదలడం మొదలయ్యేదాకా ఆయనకు ఏమీ తెలియలేదు.

"నీళ్లు! నీళ్లు!" అని కేక పెట్టాడు.

మేడ మీద ఆ కేక కవలల్లో చిన్నది విన్నది. ఎవరైనా అడిగితే మంచినీళ్లు ఇచ్చే డ్యూటీ దానిది. గ్లాసు నింపి, తలుపు తీసుకుని, మెట్ల మీద పారుతున్న నీళ్లలో జాగ్రత్తగా అడుగులేస్తూ దిగింది. మెట్లు తుడవడం దాని పని కాదు. దాని వెనక తలుపు గాలికి పడి గడియ పడిపోయింది.

"ఇదిగో తాతా, నీళ్లు."

ముసలాయన గ్లాసు వంక చూశాడు, పిల్ల వంక చూశాడు. "ఈ నీళ్లు కాదే! ఆ నీళ్లు!"

"కాచి చల్లార్చినవా తాతా? అవి అమ్మకి మాత్రమే."

ముసలాయన పంచె ఎగగట్టి మెట్లెక్కి తలుపు బాదడం మొదలుపెట్టాడు. గ్లాసు పట్టుకుని పిల్ల వెనకే వచ్చింది. అంతలో పళ్ల సంచీతో, మెరిసే బూట్లతో డిపో మేనేజరు వచ్చి, నీళ్లకు ఎదురీదినట్టు ఒక్కొక్క మెట్టే ఎక్కి వాళ్ల పక్కన చేరాడు.

"ఇల్లు ఇదేనా అమ్మా?" అని అడిగాడు.

"ఇదేనండీ. మంచినీళ్లు కావాలా?" అంది పిల్ల.

లోపల గుమాస్తా సగం మొహానికి సబ్బు నురగతో బాత్రూంలోంచి అరిచాడు. "ఎవరో తలుపు కొడుతున్నారు, తీయండ్రా!"

"నాది కాదు నాన్నా, నాది వంట. అన్నం పొంగేలా ఉంది" అంది పెద్దమ్మాయి వంటింట్లోంచి.

"నాది పక్కబట్టలు" అంది పెద్ద కవల.

"మరి ఎవరిది?"

ప్లీడరు చార్టు దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చదివాడు. "తలుపు గుండుది నాన్నా. వాడు పాలకెళ్లాడు, ఇంకా రాలేదు. వాడొచ్చాక తీస్తాడు."

"వాడు కూడా బయటి నుంచే కదరా రావాలి!"

ప్లీడరు ఆలోచించాడు. "అది నియమాల్లో లేదు నాన్నా."

గుమాస్తా తువ్వాలు చుట్టుకుని బయటికి పరుగెత్తాడు. కానీ అప్పటికే తలుపు తెరుచుకుంది. ఒక చేత్తో గోడా, ఇంకో చేత్తో కడుపూ పట్టుకుని ఆయన భార్య గుమ్మంలో నిలబడి ఉంది. పది రోజుల తర్వాత మంచం దిగిన మనిషి. మొహం పాలిపోయి ఉంది. ఆవిడకు ఎదురుగా ఒకరి పంచె తడిసి, ఒకరి బూట్లు తడిసి, ఒకరి చేతిలో గ్లాసు.

గుమాస్తాకు మేనేజరు కనిపించలేదు, నీళ్లు కనిపించలేదు. రెండంగల్లో వెళ్లి భార్యను నడుం దగ్గర పట్టుకున్నాడు.

"నిన్నెవరు లేవమన్నారు? కుట్లు..."

"ఏం కాలేదండీ. ముందు ఆ మోటారు ఆపండి" అందావిడ.

ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి ఆయన మోటారు దగ్గరికి పరుగెత్తాడు. స్విచ్చు కింద చిట్టి ఇంకా కాపలా ఉంది. కళ్ల నిండా నీళ్లు.

"ఆగమని చెప్తూనే ఉన్నా నాన్నా. వినట్లేదు."

ఆయన స్విచ్చు ఆపి పిల్లను ఎత్తుకున్నాడు. సబ్బు నురగ దాని జడకు అంటుకుంది.

మేనేజరు తడి బూట్లు విప్పి ఓ పక్కన పెట్టి, చార్టు ముందు నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. అంచున పెన్సిలు రాతలు కూడా వదల్లేదు.

"అన్నీ బాగున్నాయయ్యా. ఇందులో నీ డ్యూటీ ఏది?"

"పర్యవేక్షణ సార్."

"మరి పర్యవేక్షించావా?"

గుమాస్తా చెంప మీది నురగ అరచేత్తో తుడుచుకున్నాడు. బాత్రూంలో ఉండగా మోటారు మోత తనకూ వినిపించింది. ఎవరో ఒకరు ఆపుతారులే అనుకుని రెండో చెంపకు సబ్బు రాసుకున్నాడు.

తర్వాత అందరూ కిందికి దిగారు. మేనేజరు ప్యాంటు మడిచి బకెట్టు అందుకున్నాడు. ముసలాయన కాళ్లు పట్టుకోవడానికైనా గుమాస్తా సిద్ధపడే వెళ్లాడు. కానీ ఆయన గడప దగ్గర గొంతుక్కూర్చుని, నీళ్లు వెనక్కి తీసిన చోట ఏదో చూస్తున్నాడు. సన్నని పట్టకారుతో పైకెత్తాడు. వెంట్రుకంత స్ప్రింగు.

"ఎనిమిది రోజులుగా వెతుకుతున్నా దీనికోసం" అన్నాడు. "బీరువా కిందికి పోయినట్టుంది. బీరువా జరిపే ఓపిక నాకెక్కడిది? ఆ వాచీ చచ్చిపోయిన కొడుకుదని ఒకావిడ ఇచ్చింది. ఏం చెప్పాలో తెలియక షాపు మూసుకుని కూర్చున్నా."

పిల్లలు నేల మీద బోర్లా పడుకుని మిగిలిన చక్రాలు ఏరి ఇచ్చారు. ఆరబెట్టుకోవడానికి మంచి పొడి కాగితం కావాలని ముసలాయన అడిగితే, గుమాస్తా పైకి వెళ్లి చార్టు ఊడదీసుకొచ్చి, వెనకవైపు తిప్పి పరిచాడు.

సాయంత్రం డాక్టరు వచ్చి చూసి, కుట్లు బాగానే ఉన్నాయన్నాడు. ఆయన వెళ్లాక గుమాస్తా మంచం అంచున కూర్చున్నాడు.

"మోటారు మోత నీకు వినపడలేదా?"

"మొదటి నుంచీ వింటూనే ఉన్నా."

"మరి ఒక్క కేక వేయొచ్చుగా!"

"చార్టులో నా పేరు లేదుగా" అందావిడ. "ఒక్కసారైనా చూసుకుందామనుకున్నా, నేను లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో" అంది.

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత పిల్లల్ని పిలిచి, చార్టు లేదని, ఇకమీద ఏ పని ఎవరి కంట పడితే వాళ్లే వెంటనే చేసెయ్యాలని, ఎవరినీ అడగక్కర్లేదని చెప్పాడు. ఆరుగురూ తలలూపారు. చిట్టి అందరికంటే గట్టిగా ఊపింది.

సోమవారం పొద్దున గుమాస్తా స్నానం చేసి వచ్చేసరికి కొక్కేనికి ఉన్న చొక్కా లేదు. అలమరలో ఉతికి మడతపెట్టిన మిగతా చొక్కాలు కూడా లేవు. కిటికీలోంచి చూస్తే అన్నీ తీగ మీద వరసగా వేలాడుతూ నీళ్లు కారుస్తున్నాయి. ఆయన బనియనుతో కూర్చుని డిపోకు సెలవు చీటీ రాశాడు. కారణం అన్న చోట చాలాసేపు ఆలోచించి, "చొక్కా లేదు" అని రాశాడు.