ఎవరికీ అక్కర్లేని స్లామ్

లిటిల్ హెరింగ్ బ్రిడ్జి క్లబ్బు స్థాపించిన నాటినుంచి ఈనాటి వరకు సభ్యుల మధ్య ఒక్క తగువు కూడా జరగలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మిన్నెసోటా రాష్ట్రంలో ఇంత ఘనత ఇంకే క్లబ్బుకూ లేదు. అదే కాలంలో సభ్యులు తలపెట్టిన స్లాముల్లో ఎన్ని నెగ్గాయని కొందరు అడుగుతూ ఉంటారు. అలా అడిగేవాళ్ళు సాధారణంగా పై ఊళ్ళవాళ్ళు.

బ్రిడ్జి అనే పేకాట తెలియనివారి కోసం రెండు ముక్కల్లో చెప్పాలంటే, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జోడీ. ఆటకి ముందు వేలం ఉంటుంది. చుట్టుకొకటి చొప్పున వచ్చే పదమూడు పట్లలో మేం ఇన్ని తెస్తామని జోడీ మాట ఇవ్వాలి. పన్నెండు తెస్తామనడమే స్లామ్. తెస్తే పండగ, ఒక్కటి తగ్గినా మాట తప్పినట్టే. వేలంలో నోరు మెదపకూడదు. పక్కనున్న పెట్టెలోంచి అట్టముక్కలు తీసి బల్లమీద పెట్టాలి. ఒక అట్టముక్కతో "స్లాముకి వెళ్దామా?" అని అడగొచ్చు. ఇంకో అట్టముక్కతో "వద్దు, ఇక్కడితో చాలు" అని చెప్పొచ్చు. మిగతా ప్రపంచంలో వద్దంటే వద్దనే అర్థమట.

లిటిల్ హెరింగులో వద్దంటే ఇంకోసారి అడగమని అర్థం. కాఫీ ఇస్తామంటే "అయ్యో, మీకెందుకండీ శ్రమ" అనాలి. రెండోసారి అడిగితే "ఇప్పుడే తాగొచ్చాను" అనాలి. మూడోసారి అడిగినప్పుడు "సరే, అర కప్పు, అదీ కాచి ఉంటేనే" అని నిండు కప్పు తాగాలి. మొదటిసారే సరేనన్నవాడు కాఫీకి మొహం వాచినవాడు. మూడోసారి కూడా వద్దన్నవాడు మనసులో ఏదో పెట్టుకున్నవాడు. రెండుసార్లే అడిగి ఊరుకున్న ఇల్లాలు పిసినారి. ఈ శాస్త్రం ఎక్కడా రాసి లేదు, రాయాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. గేలార్డ్ ఆమండ్‌సన్ గారు క్లబ్బు అధ్యక్షులైంది కూడా ఈ పద్ధతిలోనే. మూడోసారి అడిగాక ఆయన కాదనలేకపోయారు. అడిగినవాళ్ళేమో ఆయన ఎలాగూ కాదంటారన్న ధైర్యంతోనే అడిగారు.

ఇంతటి నాగరికుల మధ్య వెర్నా హాగెన్ గారికి ఒకే ఒక్క కోరిక ఉండేది. దాన్ని ఆవిడ ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఊరందరికీ తెలుసు. ఆవిడకి బ్రిడ్జిలో పెద్ద బిరుదైన లైఫ్ మాస్టర్ అనిపించుకోవాలని ఉంది. అందుకు కావలసిన మామూలు పాయింట్లన్నీ ఏనాడో వచ్చేశాయి. మిగిలినవి కాసిని బంగారు పాయింట్లు, అవి పెద్ద ఊళ్ళలో జరిగే పెద్ద పోటీల్లోనే ఇస్తారు. ఫార్గోలో ఉండే చెల్లెలు ఆర్డిస్ ఎప్పుడో లైఫ్ మాస్టర్ అయిపోయింది. ఆ సంగతి ఆర్డిస్ ఎన్నడూ ఎత్తదు. క్రిస్మస్ కార్డు కవరు మీద తన పేరు కింద అచ్చు వేయిస్తుంది, అంతే. ఫోన్లో మాత్రం, "నీకు తీరికేదీ అక్కా! తోటపనాయె, చర్చిపనాయె. అయినా పాయింట్లదేముందిలే" అంటుంది. ఆ మాటకి వెర్నాకి ఒళ్ళు మండిపోతుంది. "అంతే కదమ్మా" అని ఫోను పెట్టేసి, ఆ మంటంతా రొట్టెల పిండి మీద చూపిస్తుంది. అలాంటి వారాల్లో ఆవిడ రొట్టెలు భలే మెత్తగా వస్తాయని చర్చిలో పేరు.

ఆవిడ జోడీ ఆర్విల్ స్టెన్‌సన్ గారు, పాల సహకార సంఘంలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన భార్య పోయిన కొత్తలో, "మీకెవరూ జోడీ లేకపోతే నాతో ఆడొచ్చు" అని వెర్నా మర్యాదకి ఒక మాటంది. ఆయన మర్యాదకి రెండుసార్లు వద్దన్నారు. ఆవిడ మర్యాదకి మూడోసారీ అడిగింది. జోడీ కుదిరిపోయింది. ఆనాటినుంచి మంగళవారం మంగళవారం ఇద్దరూ కలిసి ఆడుతున్నారు.

వాళ్ళ వేలం చూడముచ్చటగా ఉంటుంది. ఆర్విల్ స్లాముకి పిలుస్తారు. చేతిలో దమ్ముండి కాదు, పిలవకపోతే తన ముక్కల మీద ఆయనకి గౌరవం లేదని వెర్నా అనుకుంటుందేమోనని పిలుస్తారు. వెర్నా వద్దంటుంది. చేతిలో మూడు ఆసులున్నా సరే, మొదటి పిలుపుకే ఎగబడితే ఏం బాగుంటుందని వద్దంటుంది. ఆయన మళ్ళీ పిలుస్తారు, ఆవిడ మళ్ళీ వద్దంటుంది. వేలమన్నది పైకి పోవడమే తప్ప కిందికి దిగదు కాబట్టి, మూడోసారి పిలిచేసరికి అది పిలుపు కాదు, కంచంలో వడ్డించేయడమే. ఇక తినక తప్పదు. ఇలా వాళ్ళిద్దరూ చెరో చేత్తో లాక్కుంటూ వెళ్ళి ఓడిపోయిన స్లాములు క్లబ్బు చరిత్రలో ఒక ప్రత్యేక అధ్యాయం. ఒకసారి మాత్రం ఇద్దరి చేతుల్లోనూ కలిపి నాలుగు ఆసులూ పడ్డాయి. ఆరోజు ఆర్విల్‌కి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే తొందరుండి ఒక్కసారే పిలిచారు. పది పట్లకి మాటిచ్చి ఆగిపోయారు, పదమూడూ వచ్చాయి.

ఈ ప్రశాంతతలోకి రోజలిన్ ఫెల్డ్‌మన్ వచ్చిపడింది. పుట్టి పెరిగింది న్యూయార్కు. కూతురు ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు కావడంతో మా ఊరు చేరింది. మొదటి మంగళవారం క్లబ్బు కూడే చర్చి కింది అంతస్తు హాల్లో కాఫీ ఇస్తామంటే "ఇవ్వండి" అంది. తాగి, "మరీ నీళ్ళలా ఉందే" అని కూడా అంది. రోజలిన్ గారు కాస్త వేరు అని సభ్యులు ఆరోజే తేల్చేశారు. లిటిల్ హెరింగులో ఇంతకన్నా పెద్ద తిట్టు లేదు.

అయితే ఆట మాత్రం అద్భుతం. ఆవిడ తలపెట్టిన స్లాములు నెగ్గుతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళకి అది కొంచెం అనాగరికంగా తోచింది. ఒకరోజు ఆట అయ్యాక ఆవిడ తిన్నగా వెర్నా దగ్గరికి వచ్చింది.

"వెర్నా, నువ్వు ముక్కలు బ్రహ్మాండంగా ఆడతావ్. ఆ పెద్దాయనతో కూర్చుని పాడైపోతున్నావ్. డులూత్ పోటీలకి నాతో రాకూడదూ? బంగారు పాయింట్లు నేనిప్పిస్తా."

వెర్నా గుండె ఒక్కసారి ఎగిరి గంతేసింది. ఎన్నేళ్ళుగా ఎవరైనా అంటారా అని కాచుకున్న మాట అది. ఆ ఆనందంలోనే, "అయ్యో, నేనెక్కడండీ! మీ అంత ఆట నాకేం వచ్చు" అంది.

"సరే అయితే" అంది రోజలిన్. కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది.

వెర్నా ఇంటికెళ్ళి రూబార్బ్ కేకు చేసి సిద్ధంగా పెట్టుకుంది. రెండోసారి అడగడానికి మనిషి ఇంటికే వస్తుందేమో, ఎవరు చెప్పొచ్చారు! మర్నాడు తోటలోకి వెళ్ళకుండా ఫోను పక్కనే కూర్చుంది. చివరికి ఫోను మోగింది. ఆర్విల్. "డులూత్ వెళ్దామేమోనని... మీకు వీలైతేనే సుమండీ" అన్నారాయన. ఆవిడ రెండుసార్లు వద్దని, మూడోసారి ఒప్పుకుంది. రోజలిన్ ఈలోగా మినియాపొలిస్ ప్లంబరునెవరినో జోడీ తెచ్చుకుందట. అడగ్గానే సరేనన్నాడట. అలాంటివాళ్ళు కూడా ఉంటారు.

డులూత్‌లో దేవుడు కూడా మొహమాటపడ్డాడో ఏమో, ఆ రోజంతా ముక్కలు వాళ్ళకే వచ్చాయి. అయినా స్లాము అడిగేంత గొప్పవి మాత్రం రాలేదు. చివరి పంపకం ముందు గోడమీది స్కోర్లలో స్టెన్‌సన్, హాగెన్ పేర్లు రెండో స్థానంలో ఉన్నాయి. అక్కడే ఉంటే చాలు, వెర్నా లైఫ్ మాస్టర్. చివరి పంపకం మామూలుగా ఆడి మామూలుగా ముగిస్తే సరిపోతుంది. ఆవిడ అప్పుడే మనసులో ఆర్డిస్‌కి ఫోను చేసేసింది. "ఏం లేదే, ఊరికే చేశాను. అన్నట్టు మరిచిపోయా..." అని మొదలుపెట్టాలనుకుంది.

చివరి బల్ల దగ్గర ఎదురు జోడీ రోజలిన్, ఆమె ప్లంబరు.

ఇస్పేట్లు తురుపుగా కుదిరాయి. ఆర్విల్ నాలుగు కళావర్ల అట్ట పెట్టారు, స్లాముకి వెళ్దామా అని. వెర్నా చేతిలో స్లాముకి చాలినంత లేదు. ఈసారి మర్యాదకి కాదు, నిజంగానే నాలుగు ఇస్పేట్లు పెట్టింది, వద్దని. పది పట్లు, హాయిగా వస్తాయి. ఆర్విల్ ఐదు కళావర్లు పెట్టారు. వెర్నా ఐదు ఇస్పేట్లు పెట్టింది, ఇక చాలని. పదకొండు పట్లు, అవీ వస్తాయి. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆర్విల్, నా తండ్రీ, వద్దు, నిజంగా వద్దు. ఆర్విల్ ఆ చూపు చూశారు. పాపం, మొహమాటపడుతోంది అనుకున్నారు. ఆరు కళావర్లు పెట్టారు.

పన్నెండు తప్ప ఇక దారి లేదు. వెర్నా ఆరు ఇస్పేట్ల అట్ట తీసి, అతిథి కంచం ముందుకు జరిపినట్టు బల్ల మీదికి జరిపింది. రోజలిన్ శిక్ష రెట్టింపు చేస్తూ డబుల్ కార్డు పెట్టి, ఆటీను ఆసు దింపింది. దాని వెనకే డైమన్ ఆసు దింపింది. రెండు పట్లు పోయాయి. స్లాము పోయింది, రెండో స్థానం పోయింది, బంగారం పోయింది. వెర్నాకి ఏడుపొచ్చింది. జలుబు చేసిందని చెప్పి ముక్కు తుడుచుకుంది.

"ఒక్క నిమిషం" అంది రోజలిన్. "ఆర్విల్, నీకు ఈ స్లాము కావాలనుందా?"

"అబ్బే, లేదండీ. నా దగ్గర ఒక్క కళావరు ఆసు తప్పితే ఏముంది గనక."

"మరెందుకు పిలిచావయ్యా, అన్నిసార్లు?"

"ఆవిడ రెండుసార్లు వద్దన్నారు కదండీ. ఇంకోసారి అడక్కపోతే ఏమనుకుంటారో అని."

"వెర్నా, నీకు కావాలనుందా?"

"లేదండీ. కానీ మూడోసారి కూడా కాదంటే ఆయన చిన్నబుచ్చుకుంటారని."

"నీకొద్దు, అతనికొద్దు. మరి దీన్నెవరి కోసం ఆడారర్రా?" అని రోజలిన్ ప్లంబరు వంక చూసింది. ప్లంబరు పైకప్పు వంక చూశాడు.

"ఇక్కడి వేలం పద్ధతి కాస్త వేరుగా ఉంది" అన్నారు ఆర్విల్. పాతికేళ్ళలో ఆయన అంత కటువుగా మాట్లాడడం అదే మొదటిసారని వెర్నా తర్వాత చెప్పింది.

ఈ దుర్ఘటనపై క్లబ్బు ప్రత్యేక సమావేశం ఏర్పాటు చేసింది. అధ్యక్షులు గేలార్డ్ గారు గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా! డులూత్‌లో మనం ఓడిపోయామని కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. పట్లు పదకొండే వచ్చి ఉండొచ్చు. కానీ ఆ ఘోరమైన క్షణంలో కూడా మన సభ్యులిద్దరిలో ఒక్కరంటే ఒక్కరు అవతలివారి మనసు నొప్పించలేదు. ఈ క్లబ్బు ఆస్తి అదే. మన పూర్వులు నార్వే నుంచి పడవలెక్కి తెచ్చిన ఆస్తి అదే. అయినా, స్లాములు కూడా అప్పుడప్పుడు నెగ్గితే తప్పులేదని నా వ్యక్తిగత అభిప్రాయం. సభ వద్దంటే వెనక్కి తీసుకుంటాను."

చప్పట్లు మోగాయి. ఆ పైన తీర్మానం వచ్చింది: ఇకమీదట స్లాముకి పిలుపు రెండుసార్లకు మించరాదు, రెండుసార్లు వద్దన్నచో వద్దనియే భావించవలెను. "రెండెందుకు? ఒక్కసారి చాలదా?" అని రోజలిన్ అడిగింది. సూచన వేరుగా ఉన్నట్టు నమోదు చేశారు. అభ్యంతరాలున్నాయా అని అధ్యక్షులు అడిగారు. లేవన్నారు. మళ్ళీ అడిగారు. అబ్బే అన్నారు. మూడోసారి అడిగేసరికి ఏదో ఒకటి అనకపోతే బాగుండదని వెనక వరసలో ఒకావిడ లేచి, "కాఫీకి కూడా వర్తిస్తుందాండీ?" అంది. దాంతో తీర్మానాన్ని సభ్యుల మధ్య జరిగే సమస్త పిలుపులకీ విస్తరించారు. వెర్నా కూడా చెయ్యెత్తింది. మంచి తీర్మానమే అనుకుంది.

పోతూ పోతూ రోజలిన్ అందరూ వినేలా, "మా ప్లంబరు ఫ్లోరిడా వెళ్ళిపోతున్నాడు. నాకు జోడీ కావాలి. ఎవరు ముందడిగితే వాళ్ళే" అంది. వెర్నా నోరు తెరవబోయింది. పక్కనే ఆర్విల్ కూర్చుని ఉన్నారు. మూసేసుకుంది.

ఆ శనివారం ఆర్విల్ ఆవిడ ఇంటికి వచ్చారు. తీర్మానం గుర్తుండి, రెండో అడుగుకే కాఫీ పుచ్చుకున్నారు. రూబార్బ్ కేకు తిన్నారు. చాలాసేపు టోపీ అంచు తడుముకున్నారు.

"వెర్నా గారూ, నా మూలాన మీ లైఫ్ మాస్టర్ పోయింది. మీరు ఆ రోజలిన్ గారితో ఆడితే బాగుంటుందేమో. నేను తప్పుకుంటాను."

వెర్నా చేతిలోని కాఫీ గిన్నె కింద పెట్టేసింది. దేవుడా, ఆ మాట ఆయన నోటి వెంటే వచ్చింది! "అదేం మాటండీ! మీతో ఆడడం నాకెంత ఇష్టమో" అంది.

"నిజంగానండీ. మొహమాటపడకండి. నేనేమీ అనుకోను."

"మీరలా అంటే నాకు బాధేస్తుంది సుమా" అంది వెర్నా. మూడోసారికి జవాబు నాలుక చివరే ఉంది: సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి. అనేసి, ఆయన వెళ్ళగానే రోజలిన్‌కి ఫోను చేయాలి. నంబరు నోటికొచ్చు.

ఆర్విల్ మొహం వేలాడిపోయింది. కప్పు ఎత్తారు, తాగకుండానే దించారు. "రెండుసార్లు అడిగాను" అన్నారు నీరసంగా. "తీర్మానం ఉంది కదా. అయితే మంగళవారం కలుద్దాం."

ఆయన కుర్చీలోంచి లేవకముందే వెర్నా కిటికీలోంచి చూసింది. బయట ఆగి ఉన్న ఆయన కారు వెనక అద్దంలోంచి కొత్త గాలపు కర్ర ఒకటి కనిపిస్తోంది. ఊళ్ళో బ్రిడ్జి ఆడని మగవాళ్ళంతా సరస్సు మీద చేపలు పట్టేది మంగళవారాలే. అప్పుడు అర్థమైంది ఆవిడకి, ఆయన ఎందుకొచ్చారో, రెండుసార్లూ ఎంత ఆశగా అడిగారో. ఒక్క మాట అంటే ఇద్దరూ బయటపడతారు. ఆ ఒక్క మాటా అనడానికి, ఆయన ఇంకోసారి అడగాలి కదా!

"కేకు ఇంకో ముక్క వేసుకోండి" అంది.

"వద్దండీ."

"కొంచెమైనా?"

"అబ్బే, కడుపు నిండిపోయింది."

వెర్నా కేకు పళ్ళెం తీసి బీరువాలో పెట్టి తలుపు వేసేసింది. ఆర్విల్ కళ్ళు ఆ పళ్ళెం వెంటే వెళ్ళి, తలుపు దగ్గర ఆగిపోయాయి. వచ్చే ఏడాదికి కూడా జోడీగా ఇద్దరి పేర్లూ అధ్యక్షుల వారికి అందాయి. ఆ క్రిస్మస్‌కి ఫార్గో నుంచి వచ్చిన కార్డుని వెర్నా కవరు తిరగేసి పెట్టుకుంది.

నోరు తెరిచి ఒక్క మాట చెబితే పోయేదానికి ఇంత అవస్థేమిటని పాఠకులు నవ్వుకుంటున్నట్టు మాకు తెలుసు. మీరు అలాంటి అవస్థ పడేవారు కారనీ తెలుసు. అందుచేత, అక్కర్లేని పిలుపుని మొదటిసారే కాదన్నవాళ్ళు, కావలసినదాన్ని మొదటిసారే కావాలన్నవాళ్ళు మీలో ఉంటే చేతులెత్తవలసిందిగా కోరుతున్నాం.

ఎవరూ లేరా?

పోనీ, మొహమాటపడకుండా ఎత్తండి. ఎవరూ లేరా?

సరే. మూడోసారి అడగడానికి మా తీర్మానం ఒప్పుకోదు.