లక్ష్మణమ్మ పీటకు పసుపు గీత

కూర్చుని పని చేయడం వల్లే మన దేశం ఇలా వెనకబడిపోయింది. నమ్మరా? అయితే మీరింకా జపాన్ వెళ్లి రాలేదన్నమాట!

పలాస వైపు జీడిపప్పు ఫ్యాక్టరీ నడుపుతున్న నరసింగరావు వెళ్లొచ్చారు. ఐదు రోజుల టూరు. అందులో రెండు రోజులు విమానంలోనే గడిచినా, మిగిలిన మూడు రోజుల్లో ఆ దేశం రహస్యమంతా ఆయనకు పట్టుబడిపోయింది. దిగిన మర్నాడే ఫ్యాక్టరీ నేలంతా పసుపు రంగు గీతలు. చీపురుకో గీత, బకెట్టుకో గీత, ఆయన చెప్పుల స్టాండుకో గీత. గీత లేని వస్తువుకు ఎర్ర చీటీ అంటించి గోడౌన్లో పడేయాలి. నెల రోజులుగా ఎవరూ వాడని వస్తువుకూ అదే గతి. చీటీ ఎవరైనా అంటించవచ్చు. జపాన్‌లో అందరూ సమానమే కదా!

పప్పు పొట్టు తీసే ముప్పై మంది ఆడవాళ్ల పీటలకు మాత్రం గీతలు పడలేదు. నిలబడి చేస్తే చురుకు పెరుగుతుందని సారు అక్కడెక్కడో చూశారట. పీటలు గోడౌన్‌కు పోయాయి, ఎత్తు బల్లలు వచ్చాయి.

అందరిలోకీ బాగుపడింది లక్ష్మణమ్మే. పద్దెనిమిదేళ్లుగా పీట మీద కూర్చుని కత్తి ఆడించిన మనిషి. మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పేశాడు. ఇప్పుడు రోజుకు ఎనిమిది గంటలు నిలబడుతోంది. జిమ్ములో ఇంత వ్యాయామానికి ఎంత గుంజుతారో తెలుసా? సాయంత్రం ఆటో ఎక్కడానికి కాలు లేవక ఇద్దరు పట్టి ఎక్కించాల్సి వస్తోందంటారా? టీమ్‌వర్క్ అంటే అదే కదండీ!

పైగా సలహాల పెట్టె ఒకటి పెట్టారు. లక్ష్మణమ్మకు రాయడం రాదు. గ్రేడింగ్‌లో పనిచేసే ఉష చేత రోజూ ఒక కాగితం రాయించి వేసింది. సలహా ఒక్కటే, నా పీట నాకిప్పించండి అని. నెల గడిచింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా ఎవరికీ తెలియదు.

ముప్పై ఒకటో రోజున ఆమె ఒక ఎర్ర చీటీ తీసుకెళ్లి ఆ పెట్టెకే అంటించింది.

సూపర్‌వైజరు తిరుమలరావు లబలబలాడాడు. ఇదేం పనని నిలదీశాడు.

"నెల్లాయి దీన్ని ఎవులూ తెరవనేదు కదా బాబూ. రూలు మీరు సెప్పిందే" అంది లక్ష్మణమ్మ.

రూలు రూలే. పారేసే ముందు తాళం పగలగొట్టారు. మడతల మీద లక్ష్మణమ్మ పేరుతో ఇరవై ఆరు కాగితాలు! నరసింగరావు పొంగిపోయారు. ఒక్క మనిషి నెలకు ఇరవై ఆరు సలహాలా? జపాన్‌లోనూ ఇంత లేదట! ఇక వాటిని విప్పి చదివే తీరిక ఎవరికుంది? వెంటనే సన్మానం. శాలువా కప్పి, ఫొటో దిగి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి బహుమతి ఇచ్చారు.

లక్ష్మణమ్మకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే వేసుకుని, పప్పు పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చోబోయింది.

"ఇంటికి పట్టుకెళ్లు" అన్నాడు తిరుమలరావు. "ఇక్కడ దానికి గీత నేదు."

ఆమెకు కళ్లనీళ్ల పర్యంతమైంది. మర్నాడు అందరికన్నా ముందే వచ్చింది. గోడౌన్లోంచి తన పీట లాక్కొచ్చి వేసుకుంది. కొంగు ముడి విప్పి, ఇంటి నుంచి తెచ్చిన పసుపుతో దాని చుట్టూ చక్కగా నాలుగు గీతలు లాగి, మధ్యలో కూర్చుంది.

తిరుమలరావు గోడమీది రూల్సు రెండుసార్లు చదివాడు. గీత పసుపు రంగులో ఉండాలని ఉంది. పెయింటే ఉండాలని లేదు. రెండో రోజుకు ముప్పై పీటలు, ముప్పై పసుపు గడులు!

నరసింగరావు ఆ గడులకూ ఫొటో తీయించి ఆఫీసులో తగిలించుకున్నారు. తాను తెచ్చిన పద్ధతి ఎంత బాగా పట్టిందో వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు. ఆ పక్కనే బల్ల మీద లక్ష్మణమ్మ ఇరవై ఆరు కాగితాలు దొంతరగా పెట్టి, చుట్టూ పసుపు గీత గీయించారు. గీత చాలా తిన్నగా ఉంది. కాగితాలే, ఇంకా ఎవరూ విప్పలేదు.