రీడింగ్ హాలు కర్చీఫుల కేసు

“ఈ దేశంలో అంబుడ్స్‌మన్లు చాలామంది ఉండొచ్చు. కానీ మనిషి ముఖం చూసి మనసులో దాగిన నేరాన్ని చదవగలిగినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ ప్రస్తుతం నీ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు,” అన్నారు జగన్నాథరావు గారు.

“కప్పుల టీ లేదు సార్. కనకయ్య ఇంకా పొయ్యలే,” అంది సంయుక్త.

ఆయన కప్పులోకి తొంగిచూశారు. “తెలుసు. నీ పరిశీలనాశక్తిని పరీక్షించాను. ప్యాసయ్యావు.”

నారాయణగూడలో కింద మిఠాయి దుకాణం, పైన నాలుగంతస్తుల చదువు ఉన్న భవనమే సువర్ణలత విశ్వవిద్యాలయం. పాకం వాసన పీల్చుకుంటూ అక్కడ పిల్లలు పట్టాలు పుచ్చుకుంటారు. వాళ్లకు యూనివర్సిటీ వల్ల ఏదైనా అన్యాయం జరిగితే రెండు వైపులా విని, ఎవరి పక్షమూ పట్టకుండా తేల్చిచెప్పే పెద్దమనిషి ఒకరుండాలి కాబట్టి అంబుడ్స్‌మన్ పదవి పెట్టారు. ఆ కుర్చీలోకి చిక్కడపల్లి నుంచి జగన్నాథరావు గారు వచ్చారు. ఉద్యోగం చేసినంతకాలం వృక్షశాస్త్రం చెప్పారు. ఆకును చూసి చెట్టు పేరు చెప్పిన తాను, చెప్పును చూసి దొంగ పేరు చెప్పగలనని ఆయన గట్టి నమ్మకం. వినడానికి పెట్టిన పదవిని వెతకడానికి పెట్టిన పదవిగా ఆయన ఏకగ్రీవంగా మార్చేసుకున్నారు.

ఆయనకు సహాయకురాలు సంయుక్త. పెళ్లయి ఇంకా గోరింటాకు పూర్తిగా పోలేదు. భర్త రాఘవేంద్ర రోజూ తనే డబ్బా కట్టి, అన్నం కింద ఏదో ఒకటి దాచిపెడతాడు. ఒకరోజు ఆమ్లెట్ ముక్క, ఒకరోజు కోవాబిళ్ల. మధ్యాహ్నం దాకా మూత తీయకుండా ఆగడంలో ఉన్న ఆనందం ముందు సార్ చెప్పే రహస్యాలన్నీ ఆమెకు చప్పగానే ఉండేవి.

ఆ రోజు తలుపు తోసుకుని వచ్చిన హారతి మాత్రం చప్పగా లేదు. స్టాటిస్టిక్స్ ఆఖరి సంవత్సరం పిల్ల. ఏడుపు గొంతులోనే ఆపుకుని వచ్చింది.

“నా రీడింగ్ హాల్ పాస్ గుంజుకున్నరు సార్. సోమవారం నుంచి పరీక్షలు. నేను దొంగనంట.”

మూడో అంతస్తు రీడింగ్ హాల్లో కుర్చీలు తక్కువ, చదివేవాళ్లు ఎక్కువ. అందుకని సాయంత్రం వెళ్లేటప్పుడు రేపటి కోసం కుర్చీ మీద కర్చీఫు వేసి వెళ్లడం అక్కడి ఆచారం. బస్సు కిటికీలోంచి కర్చీఫు విసిరి సీటు సంపాదించే జనం లైబ్రరీకి వచ్చినంత మాత్రాన మారిపోతారా? కర్చీఫు పడిన కుర్చీలో వైస్ చాన్సలర్ వచ్చినా కూర్చోడు. అయితే కొన్నాళ్లుగా రాత్రి వేసిన కర్చీఫులు తెల్లారేసరికి మాయమవుతున్నాయి. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి కిటికీ పక్క కూర్చునేది హారతి. లైబ్రేరియన్ రాజకుమారి ఈ రెండు విషయాలనూ కలిపి లెక్క తేల్చేసింది.

“ఇంట్ల చదువుకోరాదా?” అని అడిగింది సంయుక్త.

“మాది ముషీరాబాద్ అక్కా. మా ఇంటి కింద బ్యాండ్ మేళం దుకాణం. ఇప్పుడు పెండ్లిళ్ల సీజన్. నేను రిగ్రెషన్ చదువుతుంటే కింద బారాత్ పోతనే ఉంటది.”

“చిక్కడపల్లి లైబ్రరీ?”

“పోయిన. గ్రూప్స్ చదివేటోళ్లు చెట్ల కింద గూడ జాగ పెట్టలే. నాకు గా ఒక్క కుర్చే దిక్కు. నేను తియ్యలేదని రాజకుమారి మేడంకు ఎవరన్న జెప్తే సాలు.”

జగన్నాథరావు గారు కళ్లు మూసుకుని, చేతివేళ్లు ఒకదానికొకటి ఆనించారు. “మాయమైన కర్చీఫులు ఏ రంగువి?”

“అన్ని రంగులయి సార్. ఎర్రది గూడ ఉండె.”

ఆయన కళ్లు తెరుచుకున్నాయి. “ఎర్రది. అనుకున్నాను. అమ్మాయ్ సంయుక్తా, ఇది కర్చీఫుల దొంగతనం కాదు. సంకేతాల దొంగతనం. ఎరుపంటే సరుకు వచ్చింది. నీలమంటే ఓడ బయల్దేరింది. దీని వెనక సముద్రాలు దాటిన హస్తముంది.”

“ఎర్రది మా క్లాస్ రచనది సార్. ఆమెకు సర్ది అయింది,” అంది హారతి.

“నిన్ను అలా నమ్మించారన్నమాట.”

సంయుక్త గొంతు సవరించుకుంది. “సార్, సాయంత్రం హాల్‌కు తాళమేసేటోళ్లను ఒక్కసారి అడిగితే అయిపోతది గద.”

“అడగడం పోలీసుల పద్ధతి. నాది ఊహ.”

ఊహ మర్నాడే రంగంలోకి దిగింది. జగన్నాథరావు గారు దినపత్రికకు రెండు కన్నాలు చేసి, దాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుని రీడింగ్ హాల్లో కూర్చున్నారు. ఇంట్లో కొలత చూడకుండా కత్తిరించడం వల్ల ఆ కన్నాలు సరిగ్గా మీసాల దగ్గరికి వచ్చాయి. పిల్లలు ఒకరి తరవాత ఒకరు వచ్చి ఆ మీసాలతో సెల్ఫీలు దిగి వెళ్లారు. చివరికి పెద్ద నల్లబ్యాగు తగిలించుకున్న ఒక కుర్రాడు ఆయనకు అనుమానాస్పదంగా కనిపించాడు. అతను లేచాడు. ఆయనా లేచారు. అతను అశోక్ నగర్ దారి పట్టాడు. ఆయనా పట్టారు.

అశోక్ నగర్ చౌరస్తాకు చేరగానే తేలిన సంగతేమిటంటే, అక్కడ ప్రతి కుర్రాడికీ అలాంటి నల్లబ్యాగే ఉంది. కోచింగ్ సెంటర్లోంచి ఒక గుంపు బయటికి వస్తుంటే ఇంకో గుంపు లోపలికి పోతోంది. జగన్నాథరావు గారు కొట్టుకుపోయారు. సాయంత్రానికి ఆయన చేతిలో ఒక కరపత్రంతో, అలసిన విజయంతో తిరిగొచ్చారు.

“దొరికిండా సార్?”

“తప్పించుకున్నాడు. కానీ రాజ్యాంగం డెమో క్లాసు బ్రహ్మాండంగా ఉందమ్మాయ్. హైకోర్టు రిట్లు ఏ ఆర్టికల్ కింద వేస్తారని అడిగితే నేనొక్కణ్ణే చెప్పాను. చప్పట్లు కొట్టారు.”

“హారతి కేసు సార్.”

“ఆ. అదే ఆలోచిస్తున్నాను. వయసు దాటిపోయిందిగానీ, నాకు డిప్యూటీ కలెక్టర్ వచ్చుండేది.”

ఇంతలో రాజకుమారి నుంచి కబురు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నంలోగా అంబుడ్స్‌మన్ ఏ సంగతీ తేల్చకపోతే హారతి పేరు క్రమశిక్షణ కమిటీకి పంపిస్తానంది. కమిటీకి వెళ్తే పాస్ కాదు, హాల్ టికెట్టే ఆగిపోతుంది. ఆ మాట వినగానే సంయుక్తకు ఆ పూట డబ్బాలో దొరికిన గులాబ్ జామ్ కూడా రుచించలేదు.

“అయితే ఎర వేద్దాం,” అన్నారు జగన్నాథరావు గారు.

గురువారం సాయంత్రం హాలు ఖాళీ అవుతుండగా, భార్య వేదవతి గారి పువ్వుల చేతిసంచిని తెచ్చి కిటికీ పక్క కుర్చీలో పెట్టారు. దొంగ గొంతు రికార్డు అవడానికి అందులో తన ఫోను వేశారు. తరవాత కిందికి దిగి, జిలేబీ పొట్లం చేతిలో పెట్టుకుని మిఠాయి దుకాణం ముందు మాటువేశారు. ఆ సంచితో మెట్లు దిగినవాడు ఎవడైనా సరే ఆయన కళ్లు దాటి పోలేడు. నిజంగానే ఎవడూ పోలేదు. సంచి మాత్రం పొద్దున్నే కుర్చీలో లేదు.

“వాడు సామాన్యుడు కాడు. గోడల్లోంచి నడుస్తాడు,” అన్నారాయన గొంతు తగ్గించి. “ఫోను సంగతి మా ఆవిడకు చెప్పకు.”

“మీ నంబర్‌కు రింగ్ ఇద్దామా సార్?”

“వద్దు. ఫోను పోయినట్టు మనకు తెలిసిందని వాడికి తెలియకూడదు.”

సంయుక్త ఆ వాక్యాన్ని రెండుసార్లు మనసులో తిప్పి చూసి, వదిలేసింది.

శుక్రవారం విచారణ ఆయన గదిలోనే. ఒక పక్క రాజకుమారి, ఒక పక్క హారతి, టీలు పట్టుకుని కనకయ్య. పగలు అంబుడ్స్‌మన్ గదిలో అటెండర్, సాయంత్రం పైన హాలుకు తాళం వేసేదీ అతనే.

“నేను చూసిందే చెప్తున్న సార్,” అంది రాజకుమారి. “పొద్దున తలుపు తియ్యంగనే ఈ పిల్ల వస్తది. ఎనక వచ్చినోళ్లకు కర్చీఫ్ ఉండది. ఇంకేం సాక్ష్యం గావాలె?”

“ముందుగాల వచ్చినందుకు దొంగనైన మేడం,” అంది హారతి. “పదింటికి ఆవులించుకుంట వచ్చినోళ్లంత మంచోళ్లు.”

“నోరు చూసిండ్రా సార్?”

జగన్నాథరావు గారు లేచి నిలబడ్డారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. “నేరస్థుడు ఈ గదిలోనే ఉన్నాడు,” అన్నారు.

రాజకుమారి హారతి వైపు చూసింది. సంయుక్తకు మాత్రం ఆయన పద్ధతి తెలుసు. ముందు వాక్యం చెప్పేస్తారు, మనిషిని తరవాత వెతుక్కుంటారు. ఆయన చూపుడువేలు రాజకుమారి దగ్గర మొదలై, హారతి మీదుగా, టీ కప్పుల మీదుగా టేబుల్ ఫ్యానులా తిరగసాగింది. ఆ వేలు ఎక్కడ ఆగుతుందోనని హారతి దానితోపాటే తల తిప్పింది.

అప్పుడు ఆయన వీపు వెనక కోడి కూసింది.

జగన్నాథరావు గారు ఎగిరి కుర్చీ ఎక్కారు. కోడి మళ్లీ కూసింది. గోడవారగా ఉన్న ఇనప బీరువాలోంచి, స్పష్టంగా, దీర్ఘంగా. పాత రహస్య పత్రాలున్నాయని ఆయన ఎవరినీ ముట్టనివ్వని బీరువా అది. శత్రువులు ఉలిక్కిపడాలని ఆయన స్వయంగా ఎంచుకున్న రింగ్‌టోను ఆ కోడికూత.

కనకయ్య టీ పళ్లెం బల్ల మీద పెట్టి, మొలకు కట్టుకున్న తాళంచెవి తీసి బీరువా తెరిచాడు.

ముందు ఎర్ర కర్చీఫు పడింది. దాని వెనక గళ్లవి, చారలవి, ఒక బెంగాలీ కాటన్ చున్నీ, రెండు దిండ్లు, ఒక ఒంటి చెప్పు. అన్నిటికంటే పైన, కూస్తూ, వేదవతి గారి పువ్వుల సంచి.

రాజకుమారి ముక్కు మీది కళ్లద్దాలు పైకి జరుపుకుంది. “సార్. ఇది మీ బీరువా గద.”

“నన్ను ఇరికించారు,” అన్నారు జగన్నాథరావు గారు కుర్చీ మీంచి.

“ఇరికిచ్చుడేంది సార్?” అన్నాడు కనకయ్య. “మీరే చెప్పిండ్రు గద. కొత్తగ వచ్చిన నాడు సాయంత్రం హాల్ చూడనీకి పోయిండ్రు. ‘పాపం పిల్లలు, చదువు ధ్యాసలో కర్చీఫులు మర్చిపోయి పోతున్నారు కనకయ్యా, రోజూ తీసి నా బీరువాలో జాగ్రత్త చెయ్యి, అడిగినవాళ్లకు ఇద్దాం’ అన్నరు. నేను పెడ్తనే ఉన్న. ఎవ్వరు అడుగుతలేరు.”

“మరి నాకు చెప్పలేదేం?”

“మీరు గూడ అడగలే సార్.”

సంయుక్త సంచిలోంచి ఫోను తీసి మాట్లాడింది. “సార్, అమ్మగారు. వచ్చేటప్పుడు కరివేపాకు తెమ్మంటున్నరు.”

జగన్నాథరావు గారు నెమ్మదిగా కుర్చీ దిగారు. ముఖంలో సిగ్గు కనిపించాల్సిన చోట వెలుగు కనిపించింది. “నేరస్థుడు ఈ గదిలోనే ఉన్నాడని నేను అన్నానా లేదా? ఎంత మేధావి వాడు. అందరి కళ్లూ కప్పాడు. చివరికి నా కళ్లు కూడా. ఇలాంటివాణ్ణి పట్టుకోవడం ఇంకొకరి వల్ల అయ్యేదేనా?”

రాజకుమారి తన సంచిలోంచి పాస్ తీసి హారతి వైపు చాచింది. హారతి తీసుకోలేదు.

“హాల్ల అందరి ముందర అన్నరు మేడం నన్ను దొంగ అని. గట్లనే అందరి ముందర ఇయ్యండి.”

రాజకుమారి ముఖం ఎర్రబడింది. సార్ ఇప్పుడు ఏ ఓడ గురించి మాట్లాడతారోనని సంయుక్తకు భయం వేసింది. ఆయన మాత్రం కాసేపు చెప్పుల కేసి చూసుకుని, మామూలు గొంతుతో అన్నారు. “అమ్మాయి అడిగింది న్యాయం రాజకుమారి గారూ. మీకు అనుమానం పుట్టించింది నేను. నేను కూడా వచ్చి నిలబడతాను. పదండి.”

అంబుడ్స్‌మన్‌గా ఆయన చేసిన మొదటి పని అదే. ఆ సంగతి ఆయనకు తెలియదు.

పైన రాజకుమారి గొంతు పెంచి చెప్పింది. “హారతి ఏం తియ్యలే. నేను తప్పు అన్న.” ఆయన తన బీరువా సంగతి చెప్పారు, కాస్త గర్వంగానే. వెనక బల్లల నుంచి ఎవరో ఈల వేశారు. రచన తన ఎర్ర కర్చీఫు అందుకుని, ఉతికారా లేదా అని అనుమానంగా చూసుకుంది. హారతి పాస్ తీసుకుని కళ్లు తుడుచుకుంది. తీరా కూర్చుందామని చూస్తే హాల్లో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. కిటికీ పక్క కుర్చీలో నల్లబ్యాగు కుర్రాడు.

“సోమవారం పరీక్ష సార్,” అంది హారతి. ఇంతసేపూ ఆపుకున్న ఏడుపు ఇప్పుడు వచ్చేట్టుంది.

జగన్నాథరావు గారు ఆ పిల్లను వెంటబెట్టుకుని కిందికి దిగారు. తన గది తలుపు తీసి, తన బల్ల ముందు తన కుర్చీని స్వయంగా దులిపారు. “పరీక్షలు అయ్యేదాకా నువ్వు ఇక్కడ. నేను బయటి బెంచీ మీద. ఇక్కడ బ్యాండ్ మేళం ఉండదు.”

సోమవారానికి ముందు శనివారం, మెస్సులో రెండోసారి సాంబారు పొయ్యడం లేదని మొత్తుకుంటూ ఒక కుర్రాడు గదిలోకి దూసుకొచ్చాడు. పెద్ద కుర్చీలో మనిషిని చూసి అంబుడ్స్‌మన్ అనుకుని, ఫిర్యాదు మొత్తం చెప్పేశాడు. హారతి పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

“మెస్సోళ్లను అడిగినవా?”

“లేదు మేడం.”

“పోయి అడుగు. ఇయ్యకుంటే రా.”

అతను వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. గుమ్మం పక్క బెంచీ మీద జగన్నాథరావు గారికి గుండె ఆగినంత పనైంది. తల లోపలికి పెట్టారు. “అంతేనా? అనుమానితులు? ఆనవాళ్లు? సాంబారులో ఏం కలిసిందో పరీక్ష చేయించొద్దూ?”

“సార్,” అంది హారతి, పేజీ తిప్పుతూ. “జర మెల్లగ. చదువుకుంటున్న.”

ఆయన తల వెనక్కి తీసుకుని బెంచీ మీద కూర్చున్నారు. పక్కనే కూర్చున్న సంయుక్త తన డబ్బా మూత తీసి, అన్నం కింద కాగితంలో చుట్టి దాచిన అప్పడాన్ని చప్పుడు కాకుండా రెండు ముక్కలు చేసి, ఒకటి ఆయన చేతిలో పెట్టింది. అది నమిలితే చప్పుడవుతుందని, ఇద్దరూ నోట్లో నానబెట్టుకుని తిన్నారు.