నడవని మోవరే నయం

...అసలు నడిచే మోవర్ కన్నా నడవని మోవరే నయం అనుకున్నాడు గ్రీజు బాబాయి, గడ్డి కోసే బ్లేడుని గోడమేకుకి తగిలిస్తూ. నడిచేది అరుగుతుంది. అరిగేది విరుగుతుంది. విరిగింది నలుగురిలో పరువు తీస్తుంది. షెడ్డులో కూర్చున్నదానికి ఈ గొడవలేవీ లేవు. రోజూ ఒళ్ళు తుడిపించుకుని, వేళకి నూనె తాగి, కొత్తల్లుడిలా మెరుస్తూ ఉంటుంది.

మధ్య రంధ్రం మేకు మీద ఆనించిన బ్లేడు కాసేపు అటూ ఇటూ ఊగి ఆగింది. ఏ కొనా కిందికి వాలలేదు. రెండు కొనలకీ పదును సమానంగా పడితేనే అలా నిలుస్తుంది. ఒక కొన బరువైతే యంత్రం మొత్తం చలిజ్వరం వచ్చినవాడిలా వణుకుతుంది. నిన్నా ఇలాగే నిలిచింది. మొన్నా ఇలాగే నిలిచింది.

"ఎక్కడో వెంట్రుకవాసి తేడా ఉంది," అని పైకే అనుకుని ఆకురాయి అందుకున్నాడు.

నవ్వకండి! నాగరికత అంతా ఆ వెంట్రుకవాసిలోనే ఉంది. నడవని యంత్రమంతటి మేలు మనిషికి ఇంకేదీ చేయలేదని నేను ఈ ఒక్క షెడ్డు చూసి నిరూపించగలను.

మీ లిఫ్టుకి 'మరమ్మతు జరుగుతోంది' అని బోర్డు పెడితే మీరేం చేస్తారు? తిట్టుకుంటూ మెట్లెక్కుతారు. అలా తిట్టుకుంటూ ఎక్కిన మెట్ల పుణ్యమే మీ గుండె ఇంకా కొట్టుకుంటోందని ఎప్పుడైనా తట్టిందా? తవ్వి వదిలేసిన రోడ్డు మీద రెండు కార్లు గుద్దుకోగా చూశారా? గుద్దుకోవాలంటే ముందు కదలాలి కదా! ఆఫీసులో సర్వర్ పడుకున్న రోజున పక్క సీటాయన పిల్లలెందరో మీకు మొదటిసారి తెలియలేదూ? రెండు దేశాల సైన్యాలూ తుపాకులు తుడుచుకుంటూనే ఉండిపోతే యుద్ధమెక్కడిది? సర్వీసింగ్ అంటే శాంతి. శాశ్వతమైన సర్వీసింగ్ అంటే మోక్షం!

మా వీధిలో ఈ మోక్షానికి అందరికన్నా దగ్గరగా ఉన్నవాడు గ్రీజు బాబాయి. స్కూలు గ్రౌండు, దాని గోడ పక్కనే ఉన్న ఆస్పత్రి, ఇంకా నాలుగైదు అపార్ట్‌మెంట్లు, వీటి గడ్డి కోయడం ఆయన కాంట్రాక్టు. దానికి వాడే మోవర్ కారంత కాదుగానీ కారుకి తమ్ముడంత ఉంటుంది. పైన ఒక సీటు, చేతులకి రెండు లివర్లు, కడుపు కింద ఇనుప గొడుగు, ఆ గొడుగు చాటున మూడు బ్లేడ్లు. గడ్డి పెరగని నెలల్లో టార్పాలిన్ కప్పుకుని నిద్రపోతుంది. వానలు పడి గడ్డి తలెత్తగానే దాన్ని లేపి, ఆయిల్ మార్చి, గాలి ఫిల్టరు దులిపి, బ్లేడ్లు సానపట్టి బయటికి తోలాలి. ఏటా ఒక్కరోజు పని.

ఈసారి వానలు పడ్డాయి. గడ్డి తలే కాదు, నడుమూ ఎత్తింది. ఊళ్ళో ఉన్న మోవర్లన్నీ రోడ్డెక్కాయి. బాబాయి మోవర్ మాత్రం ఇంకా స్నానాల గదిలోంచి బయటికి రాలేదు.

ఆయిల్ మార్చాడు. మార్చిన ఆయిల్ రంగు నచ్చక మళ్ళీ మార్చాడు. ఇనుప గొడుగు లోపల అట్టకట్టిన పోయినేటి గడ్డిని గీకి, అక్కడ రంగు వేశాడు. ఆ రంగు ఎవరికి కనపడాలి? వానపాములకి! గ్రీజు పెట్టే ప్రతి బుడిపెకీ పెట్టాడు. పెట్టక్కరలేని తలుపు బందులకీ, పక్కింటి గేటుకీ పెట్టాడు. టైర్లలో గాలి కొలిచాడు. గాలి కొలిచే పరికరం మీద అనుమానం వచ్చి ఇంకో పరికరం తెచ్చి మొదటి పరికరాన్ని కొలిచాడు.

ఒక్కరోజు పని ఎందుకింత సాగింది? డాక్టరు మాట వల్ల. "ఆ సీటు మీద ఇంకొక్క సీజను అదిరారంటే, ఆ నడుముని మళ్ళీ నా దగ్గరికి తీసుకురావద్దు. నడవండి, మంచిదే. మోవర్ మాత్రం ఇంకెవరికైనా ఇవ్వండి," అన్నాడాయన. ఆ ఇంకెవరైనా ఎవరో డాక్టరు గది గుమ్మం దాటకముందే తేలిపోయింది. "నేనున్నానుగా," అంది పిన్ని. బాబాయి భార్య కాబట్టి వీధికంతటికీ ఆవిడ పిన్ని. ఏళ్ళ తరబడి స్కూలు వ్యాను నడిపిన మనిషి. ఇంకేం అభ్యంతరం చెప్తాడు? ఏమీ చెప్పలేదు. ఇంటికొచ్చి టార్పాలిన్ తీసి, సర్వీసింగ్ మొదలుపెట్టాడు.

ఆ మొదలుపెట్టింది ఇంకా అవుతూనే ఉంది.

"బావా, పెళ్ళికూతురి ముస్తాబు అయిందా?" అంటూ షెడ్డులోకి వచ్చాడు బావమరిది. పిన్ని తమ్ముడు. మోవర్ వెళ్ళలేని గోడవారలూ చెట్ల మొదళ్ళూ భుజాన వేసుకునే చిన్న కట్టర్‌తో కోయడం అతని పని.

"బెల్టు చూడాలి," అన్నాడు బాబాయి తలెత్తకుండా.

"నిన్న కొత్తది వేశావుగా."

"కొత్తదాన్ని నమ్మకూడదురా. సాగుతుంది."

"పాతదే ఉంచాల్సింది."

"పాతదాన్ని అసలే నమ్మకూడదు. తెగుతుంది."

"మరి దేన్ని నమ్మాలి బావా?"

బాబాయి నిజంగానే ఆలోచించాడు. "గ్రీజుని," అన్నాడు.

"సరే, ఆ గ్రీజుకే చెప్పు. హెడ్మాస్టరు మళ్ళీ ఫోన్ చేశాడు. రేపు ఆటలపోటీలట. గడ్డి ఎంత లేచిందంటే, పిల్లలు పరుగు మొదలెట్టేది కనిపిస్తుందట గానీ, ఎవరు గెలిచారో మాత్రం దేవుడికే తెలియాలట. ఈ మధ్యాహ్నం దాకా చూసి వేరేవాళ్ళని పిలుస్తానన్నాడు. స్కూలు పోయిందంటే ఆస్పత్రీ పోతుంది. ఆ రెండు ఆఫీసులవాళ్ళూ గోడ మీంచి కబుర్లు చెప్పుకుంటారు."

బాబాయి ఆకురాయి కింద పెట్టాడు. అది చూసి, ఆయన మనసు మళ్ళేలోపే బావమరిది మేకు మీది బ్లేడు లాక్కుని, మోవర్ కిందికి దూరి బిగించేశాడు. లేచి చేతులు దులుపుకుని, "ఇంకేమైనా మిగిలిందా? హారన్‌కి కీర్తనలేమైనా నేర్పాలా?" అన్నాడు.

అప్పుడే పిన్ని మూడు గ్లాసుల కాఫీతో వచ్చింది. రెండు వాళ్ళ చేతికిచ్చి, మూడోది ఇంజన్ మూత మీద పెట్టి, వ్యాను ఎక్కినంత అలవాటుగా ఎక్కి మోవర్ సీటు మీద కూర్చుంది.

"ఏమండీ, సీటు కాస్త ముందుకి జరపండి. లివర్లు అందట్లేదు."

"దిగు, దిగు! సీటుకి ఇంకా సర్వీసింగ్ కాలేదు."

"సీటుకి కూడా ఉంటుందా?"

"ఉండదూ? కింద స్ప్రింగులుంటాయి."

"అంటే నా బరువు మీద అనుమానమా?"

"అక్కా," అన్నాడు బావమరిది, "నీ బరువు మాట ఎత్తేంత ధైర్యమే ఉంటే బావ ఈ మోవర్‌ని ఎప్పుడో బయటికి తీసేవాడు."

పిన్ని నవ్వలేదు. రెండు లివర్ల మీదా చేతులు వేసుకుని భర్త వైపు చూసింది. "మీ సీటు నాకివ్వడం మీకిష్టం లేదు. అదేగా? ఆ ముక్క చెప్పడానికి ఇంత నూనె పొయ్యాలా?"

బాబాయికి ప్రాణం లేచొచ్చింది! అసూయ! ఎంత గౌరవమైన జబ్బు! సీటు స్పాంజిలో ఆయన ఆకారం అచ్చుగుద్దినట్టు దిగబడి ఉంది. ఆ గుంటలో ఇంకొకరు కూర్చుని, గీత గీసినట్టు గడ్డి కోస్తుంటే, తాను వెనకాల దంతె పట్టుకుని కోసిన గడ్డి లాక్కుంటూ నడవాలి. ఆ బాధ నిజమే. ఆయన మనసు ఆ నిజాన్ని వీధిగదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది కూడా, వచ్చినవాళ్ళు లోపలిగదిలో ఏముందని అడక్కుండా.

"అదే అనుకో," అన్నాడు.

"అనుకోను. వ్యాను ఇన్నేళ్ళు నడిపాను, ఒక్క పిల్లాడి మోచెయ్యి గీరుకుందా? నీళ్ళసీసా పడిపోయిందంటే ఆపి దిగేదాన్ని. చెప్పు జారిపోయిందంటే ఆపి దిగేదాన్ని."

"ఇప్పుడు కూడా దిగుతావా? కోస్తూ కోస్తూ మధ్యలో?"

"దిగనా మరి! గ్రౌండులో బంతులుంటాయి, టోపీలుంటాయి, కప్పలుంటాయి. అన్నిటి మీంచీ పోనివ్వమంటారా?"

బాబాయి చేతిలో కాఫీ గ్లాసు చల్లారిపోతోంది.

ఇప్పుడు ఆ లోపలిగది సంగతి మీకు చెప్పాలి. మోవర్ సీటు కింద ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. మనిషి కూర్చుంటే నొక్కుకుంటుంది, లేస్తే వదులుతుంది. అది వదిలిందంటే ఇంజన్ ఆగిపోతుంది. బ్లేడుకి గడ్డిపరకకీ వేలికీ తేడా తెలియదు కాబట్టి, తయారుచేసినవాడు పెట్టిన కాపలా అది. ఆ కాపలావాడి పోరు మాత్రం పగవాడికి కూడా వద్దు! చక్రం చిన్న గుంటలో పడి మనిషి జానెడు ఎగిరితే చాలు, 'దిగిపోయాడు' అని ఆపేస్తుంది. గ్రౌండు ఒక కొస నుంచి ఇంకో కొసకి వెళ్ళేలోపు ఎన్నిసార్లు ఆగుతుందో, ఎన్ని బూతులు వింటుందో! ఈ పనిలో ఉన్నవాళ్ళు చాలామంది చేసేదే బాబాయీ చేశాడు. మూడేళ్ళ కింద ఆ స్విచ్చిని ఊడదీసి, దాని ప్లగ్గులో ఒక ఎర్రవైరు ముక్క గుచ్చి, రెండు కొసలూ కలిపేశాడు.

అప్పటినుంచీ ఆ మోవర్ లెక్కలో బాబాయి సీటు దిగనే లేదు. ఇంజన్ ఆపకుండా దిగి, తిరుగుతున్న బ్లేడ్ల పక్కన వంగి, రాళ్ళూ కొమ్మలూ చేత్తో ఏరి అవతల పారేసినన్ని సార్లూ ఆయన సీటు మీదే ఉన్నాడు!

తన వేళ్ళ గురించి ఎప్పుడూ భయపడలేదు. నా వేళ్ళు నాకు తెలియవా అనుకునేవాడు. డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజు నుంచి మాత్రం కళ్ళ ముందుకి వేరే వేళ్ళు వస్తున్నాయి. చూపుడువేలి మీద కుట్టుమిషన్ సూది దిగిన మచ్చ ఉన్నవి. గడ్డిలోంచి బంతి తీయడానికి వంగినవి, పిన్నివి.

వైరు పీకేస్తే పోదా అంటారా? పీకడానికి క్షణం చాలు. పీకాక మోవర్ తీరు మారుతుంది, ఎందుకని ఆవిడ అడుగుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోలేదని బావమరిదిని పనిలోంచి ఇంటికి తరిమిన మనిషి, గ్లౌజుల్లేకుండా చీపురు కూడా ముట్టనివ్వని మనిషి, ఈ వైరు గురించి ఏం చెప్తాడు? మూడేళ్ళుగా రోజూ పొద్దున గుమ్మంలో నిలబడి ఆవిడ 'జాగ్రత్తండీ' అన్నప్పుడల్లా తను అన్న 'ఊఁ' వట్టిదేనని చెప్తాడా?

అందుకే ఆయిల్ మార్చాడు. అందుకే గొడుక్కి రంగు వేశాడు. అందుకే పక్కింటి గేటు ఇవాళ్టికీ చప్పుడు లేకుండా తెరుచుకుంటోంది. సర్వీసింగ్ శాంతి, మోక్షం అని ఇందాక నేనే కదూ అన్నాను? మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది అలాంటి మోక్షం. అలమరా సర్దుతాం, ఫ్యాను రెక్కలు తుడుస్తాం, ఫోన్‌లో పాత ఫొటోలు చెరిపేస్తాం. చెయ్యి వెళ్ళాల్సిన చోటు ఒక్కటే వదిలేసి, దాని చుట్టూ ఎంత శుభ్రంగా ఉంచుతాం మనం! మనల్ని ఆపేది ఏదైనా సరే, డాక్టరు కానీ పెళ్ళాం కానీ సీటు కింద స్విచ్చి కానీ, మన కంటికి అది రిపేరు వచ్చినదానిలాగే కనిపిస్తుంది. ఒక వైరు ముక్క గుచ్చి, బాగైపోయిందనుకుంటాం.

"ఏంటండీ, అలా నిలబడిపోయారు?" అంది పిన్ని. "హెడ్మాస్టరుకి ఏం చెప్పమంటారు?"

"దిగు," అన్నాడు బాబాయి.

"మళ్ళీ మొదటికొచ్చాడు," అన్నాడు బావమరిది.

పిన్ని దిగింది. బాబాయి గ్లాసు పక్కన పెట్టి, సీటు ఎత్తి వెనక్కి వాల్చాడు. ఎర్రవైరు కనిపించింది. ఎంత ముచ్చటగా గుచ్చాడని, ఎంత పొందిగ్గా టేపు చుట్టాడని! మూడేళ్ళయినా ఒక పోగు లేవలేదు. టేపు గోటితో గీకి, వైరు లాగేశాడు. పక్కన దుమ్ములో వేలాడుతున్న స్విచ్చిని చొక్కా అంచుతో తుడిచి, దాని స్థానంలో పెట్టి, ప్లగ్గు బిగించాడు.

సీటు దించి రెండు గళ్ళు ముందుకి జరిపాడు. "ఎక్కు. స్టార్ట్ చెయ్యి."

పిన్ని ఎక్కి తాళం తిప్పింది. అన్ని రోజులు ముద్దుచేసిన ఇంజన్ కదా, ఒక్క తిప్పుకే అందుకుంది. ఆ అదురుకి మూత మీది కాఫీ గ్లాసు జరుగుతూ జరుగుతూ అంచుదాకా వచ్చింది. "అయ్యయ్యో!" అని పిన్ని అలవాటు కొద్దీ చటుక్కున దిగి గ్లాసు పట్టుకుంది.

ఇంజన్ టక్కున ఆగిపోయింది.

"చూశారా! ఇన్నాళ్ళ సర్వీసింగూ ఇంతేనా? ఇంకా బాగవలేదు ఇది."

"బాగయింది," అన్నాడు బాబాయి. "నువ్వు దిగావు, అది ఆగింది."

పిన్ని గ్లాసు వైపు చూసింది. సీటు వైపు చూసింది. ఆ తర్వాత ఆయన గుప్పిట్లోంచి బయటికి వేలాడుతున్న ఎర్రవైరు దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది.

"మరి ఇన్నాళ్ళూ మీరు దిగినప్పుడు?" అంది.

బాబాయి ఆ వైరుని పాత ఇనుము డబ్బాలో పడేసి, గోడవార నుంచి దంతె తీసి భుజాన వేసుకుని, వెళ్ళి షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచాడు.