నలభై మూడో నంబరు మోత

ఆ పెట్టె ఇల్లు దాటాలని ఆవిడ, దాటకూడదని ఆయన. ఇదీ తగువు.

ఆయన్ని కాలనీలో అందరూ హోల్డుగారంటారు. మనం ఫోన్ చేస్తే "దయచేసి లైనులో ఉండండి" అని చెప్పి ఓ సంగీతం వేస్తారు చూడండి, అది కట్టేది ఆయనే. మూడు బీమా కంపెనీలూ రెండు ఆస్పత్రులూ ఆయన ట్యూన్లతోనే జనాన్ని కూర్చోబెడుతున్నాయి. "నా పాట మధ్యలోనే ఆగిపోవాలని లక్షలమంది కోరుకుంటారు. అంతటి పేరు ఎవరికొచ్చింది?" అని ఆయనే నవ్వుతూ చెప్పుకుంటారు.

ఇక పెట్టె. దాన్ని సౌండ్ మాడ్యూల్ అంటారు. కీబోర్డులోంచి మెట్లు తీసేసి గొంతు మాత్రం ఇనప డబ్బాలో పెడితే ఎలా ఉంటుందో, అలా ఉంటుంది. వయొలిన్, వేణువు, డోలు, ఏది కావాలంటే అది పలుకుతుంది. వయసు ఇరవై ఏళ్ళు. దాని డిస్‌ప్లే ఆరిపోయి ఆరేళ్ళయింది. అయినా ఏ నంబరులో ఏ శబ్దముందో ఆయనకి కంఠతా వచ్చు. బయట ఎవరు ఏమన్నా పడతారు గానీ పెట్టెని ఒక్క మాటంటే ఊరుకోరు.

ఆవిడ లైబ్రరీలో కేటలాగు రాస్తుంది. ఇంట్లో పోపుడబ్బాకి కూడా నంబరుంటుంది.

"ఏవండీ, మోకాలి ఆపరేషనయ్యాక శుక్రవారం అమ్మ నేరుగా ఇక్కడికే వస్తోంది. చిన్న గదిలో మంచం పడాలి. మీ పెట్టె బయటికి నడవాలి."

"ఇరవై ఏళ్ళు అన్నం పెట్టినదాన్ని వీధిలోకి నెట్టమంటావా?"

"వీధిలోకెందుకు? మ్యూజిక్ స్కూలువాళ్ళు తీసుకెళ్తామన్నారు. అచ్చం దానిలాగే పలికే సాఫ్ట్‌వేర్ వచ్చిందిగా. మీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించి పెట్టాను."

"అది నకలోయ్!"

"మా లైబ్రరీలో నకలు ప్రతి చదివినా కథ అలాగే ముగుస్తుంది."

హోల్డుగారు కాసేపు తలగోక్కున్నారు. తర్వాత ఆయన మొహం వెలిగింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ వెలుగు వచ్చినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి పగిలింది.

"సరే, పరీక్ష పెడదాం. ఒకే శబ్దాన్ని పెట్టెలోనూ ల్యాప్‌టాప్‌లోనూ వినిపిద్దాం. తేడా తెలిస్తే పెట్టె ఉంటుంది. తెలియకపోతే పోతుంది."

"వినేదెవరు?"

"మీ అమ్మగారే."

అత్తగారు ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేశారు. అవతలివాడు ఊపిరి పీలిస్తే చాలు, అబద్ధం ఆడబోతున్నాడని కనిపెట్టేసేవారట. అలాంటి చెవి తేడా ఉందని తీర్పిస్తే ఆవిడ నోరు మెదపదు కదా అని అల్లుడుగారి లెక్క. ఆ చెవికి ఇంకేం వినిపిస్తుందో అన్న ఆలోచన మాత్రం ఆయనకి రాలేదు.

గురువారం తలుపేసుకుని పనిలో దిగారు. కొత్తల్లో తను స్వయంగా తయారుచేసుకున్న అరవై నాలుగు శబ్దాలనీ పెట్టెలోంచి వైరుగుండా సాఫ్ట్‌వేర్‌లోకి దింపారు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ గొంతు చిటికెడు, చిటికెడంటే చిటికెడే, నొక్కారు. ఈ హడావుడిలో దిగిన జాబితా తెరిచి చూడలేదు.

శుక్రవారం అత్తగారు చేతికర్రతో వచ్చి మంచమెక్కారు. ఆవిడ, తల్లిని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, తను ల్యాప్‌టాప్ ముందు బైఠాయించింది.

"ఇక్కడ నేను నొక్కుతాను. మీ చేతివాటం నాకు తెలుసు. ఏ నంబరు?"

"ముప్పై ఒకటి," అన్నారు హోల్డుగారు పెట్టె పక్కన నిలబడి.

ఆవిడ జాబితా తెరిచింది. కళ్ళజోడు సర్దుకుంది.

"ముప్పై ఒకటి. 'తోడల్లుడి డాబు'."

హోల్డుగారు పెట్టెని వదిలి జాబితావైపు తొంగి చూశారు. డిస్‌ప్లే బతికున్న రోజుల్లో, ఇంకా తీరని కొత్త అల్లుడి హుషారులో, శబ్దాలకి తనే పేర్లు పెట్టుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. శబ్దాలతోపాటు పేర్లు కూడా దిగాయన్నమాట.

"ఎవరు పెట్టారీ పేరు?"

"కంపెనీవాళ్ళోయ్."

"కంపెనీవాళ్ళకి మా బావ డాబు ఎలా తెలుసు?"

ఆయన దగ్గారు. కేటలాగు మనిషి చేతికి జాబితా చిక్కాక మధ్యలో వదులుతుందా?

"ముప్పై ఎనిమిది, 'పెద్దత్త నస'. నలభై, 'మావగారి గురక'. నలభై మూడు..." ఆవిడ ఆగింది.

"చదవవే," అన్నారు గోడవైపు నుంచి అత్తగారు.

"'అత్తమోత', అమ్మా."

"ఏదీ, వినిపించు."

మూడు ట్రంపెట్లు ఒక్కసారిగా అరిచాయి. వాటి వెనకాల రేకు బాల్చీ ఒకటి మేడమెట్ల మీద దొర్లింది. పక్కింటి కుక్క లేచి మొరిగింది.

"ఇప్పుడు పెట్టెలోది."

హోల్డుగారు పెట్టె మీటనొక్కారు. మళ్ళీ ట్రంపెట్లు, మళ్ళీ బాల్చీ, మళ్ళీ కుక్క.

అత్తగారు తల ఓ పక్కకి వంచారు.

"అల్లుడుగారూ, మొదటిదాని గొంతు నొక్కారు కదూ?"

"అబ్బే, అత్తయ్యగారూ..."

"పాడైన లైను వేరు, కావాలని నొక్కిన లైను వేరు. నొక్కింది తీసేసి మళ్ళీ వేయండి."

తేలు కుట్టిన దొంగలా వెళ్ళి సరిచేశారు. మళ్ళీ రెండూ మోగాయి.

"ఇప్పుడు తేడా లేదు. ఎందులో మోగినా మోత నాదే," అన్నారు అత్తగారు.

పరీక్ష ముగిసింది. హోల్డుగారు పెట్టె మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయారు. ఎంత మోసం చేసినా, ఆ మనిషిని అలా చూస్తే జాలేస్తుంది.

ఆవిడ మాత్రం జాబితా చివరికి వెళ్ళింది. "అరవై మూడు, 'ఆవిడ అలక'." నొక్కింది. వినబడటానికి నాలుగు సెకన్లు పట్టింది, తగ్గటానికి పదిహేడు. ఆవిడ మొగుడివైపు చూసిన చూపుకి అంతకంటే ఎక్కువే పట్టింది.

"అరవై నాలుగు. 'ఆవిడ నవ్వు'."

చిన్న గంటలు. రెండు కలిసి మోగాయి, మూడోది ఆపుకోలేక వెనకాలే జారింది.

"దీన్ని ఏ ఆస్పత్రికిచ్చారు?" అంది ఆవిడ. గొంతు తగ్గింది.

"ఎవరికీ ఇవ్వలేదు. అది వింటూ జనం విసుక్కుంటే నేను తట్టుకోలేను."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అది శుభ్రంగానే ఉంది.

"పెట్టె ఎక్కడికీ పోనక్కర్లేదు," అన్నారు అత్తగారు. "మంచం పడగా ఇంకా చోటుందిగా. నా తలగడ పక్కన పెట్టండి."

హోల్డుగారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "మీరు దేవత, అత్తయ్యగారూ!"

"ల్యాప్‌టాప్‌లో మీట కంటికి కనిపిస్తుంది గానీ వేలికి తగలదు. దీనిదైతే పడుకునే నొక్కొచ్చు. నలభై మూడు మీద పెట్టి ఉంచండి."

"ఎందుకండీ?"

"మంచినీళ్ళు కావాలన్నా, కర్ర కావాలన్నా నొక్కుతాను. మీరు ఇంట్లోనేగా పనిచేసేది, తెచ్చి ఇద్దురుగాని. ముప్పై ఏళ్ళు ఊరందరి కాల్స్ నేనందుకున్నాను. ఇక నా కాల్ మీరందుకోండి." కాస్త ఆగి అన్నారు. "హోల్డులో మాత్రం పెట్టకండి."

శనివారం హోల్డుగారు హాల్లో కూర్చుని, పెట్టెకి తీరిక లేదు కనుక, నకలుతోనే ఓ బీమా కంపెనీకి ట్యూను కడుతున్నారు. ఇంతలో చిన్న గదిలో పెట్టె మోగింది, పొద్దుటి నుంచి అది ఏడోసారి. ట్రంపెట్లు, బాల్చీ, కుక్క.

"వస్తున్నానండీ!" అని ల్యాప్‌టాప్ మూసి, మంచినీళ్ళ గ్లాసుతో పరుగెత్తారు. తలుపు దాటుతుండగా వెనక అరవై నాలుగో నంబరు మోగింది. రెండు గంటలు కలిసి, మూడోది జారుతూ.

తిరిగి చూశారు. ల్యాప్‌టాప్ మూసే ఉంది. వంటింటి గుమ్మంలో ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.