అత్తయ్య కార్డు మీద మంత్రిగారు

"ఇవాళ్టి నుంచి మీ రోగం మీ తలనొప్పి కాదు, ఈ కార్డుది!"

ఆరోగ్యమంత్రిగారు ఈ మాట అనగానే పెద్దాసుపత్రి వరండా చప్పట్లతో దద్దరిల్లింది. నేనూ కొట్టాను. బెంచీ మీద మా మేనత్త మాత్రం కొట్టలేకపోయింది. ఆవిడకి ఊపిరాడటం లేదు.

ఆ ఆరోగ్య కార్డు మిషన్లో గీకితే మనిషి రోగాలన్నీ తెర మీదకొస్తాయి. గీకకుండా ఏ డాక్టరూ ఎవర్నీ ముట్టుకోకూడదని మంత్రిగారే ఆర్డరు వేశారు. ఎంత ముందుచూపు!

మొదటి కార్డు ఆయనదే. గీకారు. "రోగాలు లేవు" అంది తెర. ఎన్నికలు దగ్గరపడ్డాయని పీఏ ఆయన గుండెజబ్బునీ షుగర్‌నీ కార్డులోంచి ముందే తీసేయించాడు. అంత త్వరగా ఏ వైద్యం నయం చేయగలదు?

రెండో కార్డు ఫొటో కోసం మా అత్తయ్యకిచ్చారు. ఇస్తూనే మంత్రిగారు ఛాతీ పట్టుకుని ఆవిడ పక్కనే కూలబడ్డారు.

"డాక్టర్! చూస్తారేంటి?" అరిచాడు పీఏ.

"కార్డు గీకండి సార్."

గీకాడు. రోగాలు లేవు. బెడ్ అవసరం లేదు.

"మనిషి పోతున్నాడయ్యా!"

"మిషన్ ఒప్పుకోవట్లేదండీ. ఐసీయూ తలుపు కూడా కార్డుకే తెరుచుకుంటుంది. ఆర్డరు సార్‌దే."

పీఏ చూపు అత్తయ్య మీద పడింది. "పెద్దమ్మా, మీకేమేం ఉన్నాయి?"

"గుండె... ఉబ్బసం... షుగరు..."

"అబ్బ, బంగారంలాంటి కార్డు! ఒక్క ఐదు నిమిషాలివ్వండి."

"ఇవ్వకు అత్తయ్యా" అన్నాను.

"ఊరుకోరా. ప్రాణం మీదకొచ్చింది పాపం."

తలుపు తెరుచుకుంది. మంత్రిగారు మా అత్తయ్యగా లోపలికెళ్లారు. అత్తయ్య ఎవరూ కాకుండా బెంచీ మీద ఉండిపోయింది. నేను డాక్టరు కాళ్లావేళ్లా పడ్డాను. "కార్డు రానివ్వండి" అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

సాయంత్రం మంత్రిగారు చక్రాల కుర్చీలో చిరునవ్వుతో బయటికొచ్చారు. "ఐసీయూని స్వయంగా పడుకుని తనిఖీ చేశాను" అన్నారు విలేకర్లతో.

పీఏ చేతిలోంచి కార్డు లాక్కుని పరుగెత్తి గీకాను.

"చికిత్స పూర్తయింది. రోగి కోలుకున్నారు. డిశ్చార్జ్."

"కంగ్రాట్స్ అమ్మా!" అన్నాడు డాక్టరు.

"మరి ఈ ఆయాసం?" అన్నాను.

"తెర మీద లేదు కదండీ."

"ఇదిగో, మొదటి రోజే కోలుకున్న పెద్దావిడ!" మంత్రిగారు వేలు చూపించారు. కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. సరిగ్గా అప్పుడే అత్తయ్య గాలి కోసం చెయ్యి పైకెత్తింది.

మర్నాడు పేపర్లో మొదటి పేజీలోనే వేశారు. "మంత్రికి చెయ్యెత్తి కృతజ్ఞతలు తెలుపుతున్న లబ్ధిదారు."

ఫొటో చాలా బాగా వచ్చింది. అత్తయ్యకి చూపిద్దామంటే కుదరలేదు.