మస్టర్ పడని అభిమానం

ఏ ఆటకైనా ఆడేవాళ్ళు కొందరుంటారు, చూసేవాళ్ళు అనేకులుంటారు. ఆడేవాళ్ళకు వయసు మీద పడుతుంది, చూసేవాళ్ళకు విసుగు పుడుతుంది. చూడడాన్ని నిర్వహించేవాళ్ళు మాత్రమే శాశ్వతులు. ఈ సత్యాన్ని మానవజాతి ఎన్ని చోట్ల కనుగొన్నదో నాకు తెలియదు కాని, కొత్తగూడెంలో మాత్రం ఐస్ హాకీ ద్వారా కనుగొన్నది.

కొత్తగూడెం ప్రజలకు మంచుతో పరిచయం లేదనడం అన్యాయం. మే నెలలో రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకునే ఈ ఊళ్ళో ఐస్ ఫ్యాక్టరీ ఉంది. అక్కడి దిమ్మలకు ఊక కప్పి, గోనెపట్టా చుట్టి పెళ్ళిళ్ళకు పంపుతారు. ఆ పదార్థం మీద నిలబడి ఆడవచ్చన్న ఆలోచన మాత్రం రెండువేల మూడులో ఇక్కడి ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాల యాజమాన్యానికి వచ్చింది. హిమాలయాల్లో ఒక కొండ ఊళ్ళో ఏటా జనవరిలో అంతర కళాశాలల జాతీయ పోటీలు జరుగుతాయనీ, రాష్ట్రానికొక జట్టును పిలుస్తారనీ వాళ్ళకు తెలిసింది. మన రాష్ట్రం నుంచి దరఖాస్తు పెట్టిన కళాశాల అదొక్కటే కావడంతో ఎంపికలో పోటీ తీవ్రంగా లేదు. కమ్యూనిటీ హాలు గచ్చు మీద చక్రాల స్కేట్లతో సాధన చేసిన కుర్రవాళ్ళు ఏటా రైలెక్కి వెళ్ళి, ఓడిపోయి, క్షేమంగా తిరిగి వస్తున్నారు.

ఆ ఆటను ఊళ్ళో ఎవరూ చూడలేదు. టీవీలో రాదు, పత్రికలో పడదు. కనపడని దాని మీద నమ్మకం నిలపడం ఎలాగన్న ప్రశ్న తాత్వికులను శతాబ్దాలుగా వేధించింది. దాన్ని వెంకటరామారావు గారు ఒక్క సాయంత్రంలో పరిష్కరించారు. ఆయన బొగ్గు గనిలో హాజరు గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. మనుషులున్నారని రుజువు చేయడానికి ఆయనకు తెలిసిన మార్గం ఒకటే. మస్టర్ పడితే, అంటే హాజరు పట్టీలో పేరెక్కితే, ఉన్నట్టు, పడకపోతే లేనట్టు. (అస్తిత్వం గురించి ఇంత పొదుపైన నిర్వచనాన్ని నేను ఏ గ్రంథంలోనూ చూడలేదు.) ఆయన కార్యదర్శిగా ఐస్ హాకీ అభిమానుల సంఘం ఏర్పడింది.

గనిలో పర్మనెంటు కార్మికుడు రాని రోజున అతని పని బదిలీ కార్మికుడికి దక్కుతుంది. గేటు దగ్గర నిలబడి, ఎవరో ఒకరు రాకపోతే బాగుండునని ఆశించడమే బదిలీవాడి వృత్తి. తగినన్ని మస్టర్లు పడితే అతడూ పర్మనెంటవుతాడు. సంఘం ఈ పద్ధతిని అక్షరం మార్చకుండా స్వీకరించింది. మ్యాచ్ రోజున ఫలితం వినడానికి చేరే సంఘం గదిలో పర్మనెంటు అభిమానులకు కుర్చీలు. ఏదో తీరిక దొరికినప్పుడు ఆటను తలచుకునే నాలాంటి బదిలీ అభిమానులకు వరండా. పర్మనెంటు సభ్యుడు మెడికల్‌గా అన్‌ఫిట్ అయితే, గనిలో ఉద్యోగంలాగే, అభిమానం వారసుడికి సంక్రమిస్తుంది. వరుస ఓటములతో రక్తపోటు పెరిగిన ఒక సభ్యుడు డాక్టరు చీటీ తెచ్చి తన అభిమానాన్ని అల్లుడి పేరు మీదికి మార్పించాడు. అల్లుడికి ఏ ఆటా నచ్చదు. అయినా ఒక్క మ్యాచ్ తప్పడు. నచ్చడమనేది ఉద్యోగ నిబంధనల్లో ఎక్కడుంది?

మన జట్టు గోలు చేస్తే ఎంతసేపు చప్పట్లు కొట్టాలన్నది ఏడవ నిబంధనలో స్పష్టంగా ఉంది. అది ఇంతవరకూ అమలుకు రాలేదు. (ఇందులో నిబంధన తప్పేమీ లేదు.) ఐస్ ఫ్యాక్టరీ యజమాని సీతయ్య సాంకేతిక సలహాదారు. ప్రతి ఓటమి తర్వాత మంచు పరిస్థితిపై నివేదిక ఇవ్వడం ఆయన విధి. నివేదిక సారాంశం ఏటా ఒకటే: అక్కడివాళ్ళు ఊక వాడడం లేదు, మనవాళ్ళు జారుతున్నది అందుకే.

రెండువేల ఆరు జనవరిలో జట్టు మళ్ళీ వెళ్ళింది. అక్కడ ఎండ ఎక్కితే మంచు కరుగుతుంది కనుక మ్యాచ్‌లు తెల్లవారగానే మొదలవుతాయి. అయిపోయాక కోచ్ ఒక్క ఫోన్ చేస్తాడు. ఖర్చు సంఘానిది కనుక ఆ ఫోన్ వెంకటరామారావు గారి సెల్‌కే వస్తుంది. ఆటగాళ్ళ ఇళ్ళకు విడిగా ఫోన్లు చేసే ఏర్పాటు లేదు. అటువంటి డిమాండు ఆటగాళ్ళ నుంచీ రాలేదు, ఎందుకంటే వాళ్ళను ఎవరూ అడగలేదు.

మొదటి మ్యాచ్ రోజు ఉదయం వరండాలో నా పక్కన ఒకామె వచ్చి నిలబడింది. పేరు విశ్రాంతమ్మ. దవాఖానాలో ఆయా. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో ఇంకా అన్నం డబ్బా ఉంది. మన గోల్‌కీపర్ షాలేమ్‌రాజు ఆమె కొడుకు. వెళ్ళిన దగ్గర్నుంచి అతని నుంచి ఏ కబురూ లేదు. కళాశాలకు వెళ్ళి అడిగితే ఇక్కడికి పంపారట. గదిలోకి వెళ్ళి ఫోన్ దగ్గర కూర్చుంటానని ఆమె అడిగినప్పుడు వెంకటరామారావు గారు కుర్చీ కూడా చూపించబోయారు. ఆటగాళ్ళకు ఏమవుతావని వరస అడిగాక ఆగిపోయారు.

"నువ్వు తల్లివమ్మా. తల్లికి ఆపేక్ష ఉంటది. అభిమానికి ఆపేక్ష ఉండొద్దు. ఉంటే అది ఆటను చూసుడు కాదు, పిల్లగాన్ని చూసుడు."

(ఫలం కోరకుండా చూసేవాడే నిజమైన ద్రష్ట అని పెద్దలు ఎంతో ధ్యానం తర్వాత చెప్పిన మాట ఇది. హాజరు గుమాస్తాకు సర్వీసులోనే అబ్బింది. నేను ముగ్ధుడినయ్యాను. పక్కనున్న ఆమె ముఖం చూశాక ఆ ముగ్ధత ఎక్కువసేపు నిలవలేదు.)

"నాకు ఆట వద్దు సార్," అంది విశ్రాంతమ్మ. "పిల్లగాడు ఎట్లున్నడో అదొక్కటి చెప్తే పోత."

"ఆట వద్దంటున్నవ్. ఇంక అభిమానుల గదిల నీకేం పని?"

ఆమె మళ్ళీ నా పక్కకు వచ్చి నిలబడింది. వాదనలో లోపం లేకపోవడమే దాని లోపమని అప్పటికి నాకు తట్టలేదు.

ఫోన్ వచ్చింది. కిటికీ మూసి ఉండడం వల్ల మాటలు వినపడలేదు గాని, వింటున్న వెంకటరామారావు గారి చేయి నెమ్మదిగా నుదుటి మీదికి పోవడం అద్దంలోంచి కనపడింది. విశ్రాంతమ్మ అన్నం డబ్బాను రెండు చేతులతో పట్టుకుంది. ఫోన్ పెట్టేశాక ఆయన నియమం ప్రకారం ముందు హాజరు తీసుకున్నారు. పర్మనెంటు సభ్యుడు పగిడయ్యకు మలేరియా జ్వరం, రాలేదు. ఆయన స్థానంలో బదిలీ ఎవరని తలుపు దగ్గరికి వచ్చి అడిగారు.

వరుసలో ముందున్నది నేను. ఆ ఒక్క మస్టర్ పడితే నేను పర్మనెంటవుతాను. ఒక అడుగు వెనక్కి వేశాను. అది త్యాగమా, ఆమె పక్కన నిలబడలేక చేసిన పనా అన్నది నాలో నేను ఇంకా తేల్చుకోలేదు. బదిలీవాడు పని వద్దంటే వరుసలో తర్వాతి మనిషికి ఇవ్వాలి. తర్వాతి మనిషి విశ్రాంతమ్మ. వెంకటరామారావు గారు నిబంధనలన్నీ మనసులో తిరగేసి, అడ్డు ఏదీ కనపడక దారి ఇచ్చారు.

"విశ్రాంతమ్మగ నిన్ను రానియ్యలేదు, యాదికుంచుకో. పగిడయ్యగ వస్తున్నవ్."

తలుపు తెరిచే ఉంచారు కనుక తర్వాతిది నేను విన్నాను. మొదటి అంశం స్కోరు. మనకు సున్న, వాళ్ళకు పందొమ్మిది. రెండవ అంశం మంచు. సీతయ్య లేచి ఊక సంగతి చెప్పి కూర్చున్నాడు. విశ్రాంతమ్మ కొడుకు సంగతి అడిగింది. ఆటగాళ్ళ ఆరోగ్యం చివరన, ఇతర అంశాల్లో వస్తుందని ఆమెకు చెప్పారు. మూడవ అంశం సభ్యుల అభిప్రాయాలు. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. గనిలో బదిలీవాడు తనకు నచ్చిన పని చేయడు, రానివాడి పనే చేస్తాడు. కనుక సంఘంలో రానివాడి అభిప్రాయమే చెప్పాలి.

"లేచి పగిడయ్య అభిప్రాయం చెప్పమ్మా," అన్నారు కార్యదర్శి.

"పగిడన్న ఏమంటడు సార్?"

చివరికి సీతయ్యే, నేల చూస్తూ, చెప్పాడు. "గోల్‌కీపర్‌ను మార్చాల్నంటడమ్మా. మొదటి సంది అదే మాట."

విశ్రాంతమ్మ ముందరి కుర్చీ వీపు పట్టుకుని లేచింది.

"అవ్. మార్చుండ్రి," అంది. "జల్దీ మార్చుండ్రి. మార్చి పిల్లగాన్ని ఇంటికి తోలుండ్రి."

"ఇంటికి తోలుడు పగిడయ్య అనలేదు," అని వెంకటరామారావు గారు సౌమ్యంగా మినిట్స్ పుస్తకంలో చివరి వాక్యం కొట్టేశారు.

మిగతాది ఓటుకు పెట్టారు. అందరూ చేతులెత్తారు, ఏ ఆటా నచ్చని అల్లుడు కూడా. సంఘంలో ఏకగ్రీవంగా ఆమోదం పొందిన తీర్మానం అదొక్కటే.

అప్పుడు ఇతర అంశాలకు వచ్చారు. ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ గోల్‌కీపర్ కనుబొమ్మ మీద తగిలింది. పెట్టుకున్నది క్రికెట్ హెల్మెట్ కావడంతో బిళ్ళ సందులోంచి దూరింది. కుట్లు పడ్డాయి, స్పృహలోనే ఉన్నాడు. చివరగా అతని విన్నపం ఒకటి కోచ్ చెప్పాడని, దాన్నీ కార్యదర్శి ఉన్నదున్నట్టు వినిపించారు: ఈ సంగతి అమ్మకు తెలియనీయవద్దు.

ఆ విన్నపాన్ని సంఘం పూర్తిగా గౌరవించింది. హాజరు ప్రకారం గదిలో ఎవరి తల్లీ లేదు. పగిడయ్య ఉన్నాడు. పగిడయ్య కుర్చీలో కూర్చుని, అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చాడు. నిష్కామమైన ప్రేక్షకత్వానికి ఇది భంగమా కాదా అన్న చర్చను సమయాభావం వల్ల వాయిదా వేశారు.

తీర్మానాన్ని సంఘం ఖర్చుతోనే కోచ్‌కు ఫోన్‌లో వినిపించారు. ఆయన విని, సూచనకు ధన్యవాదాలు చెప్పి, జట్టులో రెండో గోల్‌కీపర్ లేడని తెలియజేశాడు. లీగ్ పోటీలు కనుక ఓడినా మర్నాడు ఇంకో మ్యాచ్ ఉంది. కట్టు మీదే హెల్మెట్ బిగించుకుని షాలేమ్‌రాజు మళ్ళీ గోలు ముందు నిలబడ్డాడు.

విశ్రాంతమ్మ డ్యూటీ దిగి మళ్ళీ వచ్చింది. కాని పగిడయ్యకు జ్వరం తగ్గింది.